ముట్టుకోవద్దు అనే డ్రైవు

అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే చిన్నత్త గదికీ మిషను గదికీ మధ్య ఒక కిటికీ ఉంది. పని పూర్తికాగానే చిన్నత్త అందులోంచి కేకేసేది: "జెడ్‌లో పెట్టా, తీసుకో బాబాయ్."

చిక్కంతా అక్కడే. ఆమె కంప్యూటర్లో జెడ్ అంటే దిద్దినవి ఉన్న డ్రైవు. మిషను నడిపే బాబాయి కంప్యూటర్లో జెడ్ అంటే దిద్దనివి. పేరు చూద్దామా అంటే రెండింటికీ సర్వరు పెట్టిన చాంతాడంత పేరే, చివర అంకె తప్ప తేడా లేదు. పోయిన వారం ఒక పాఠ్యపుస్తకం తప్పులతో సహా అచ్చయింది. "ఇంకోసారి ఇలా జరిగితే ప్రూఫులు బయటికిచ్చేస్తా" అంది యజమానురాలు. ఆమె చిన్నత్తకు సొంత అక్క.

ఆ అక్క కోడలే కంప్యూటర్లు చూసుకునేది. చిన్నత్త ఆమె పక్కన కుర్చీ వేసుకుంది.

"డ్రైవు అక్షరాలు మార్చెయ్యకూడదూ?"

"బాబాయి అచ్చు ప్లేట్లు తీసే ప్రోగ్రాము ఆ అక్షరాన్నే వెతుకుతుంది చిన్నత్తా. మారిస్తే అలిగి కూర్చుంటుంది. పేర్లు మారుద్దాం. దిద్దినవి, దిద్దనివి."

"ఒక్క గుడి అటూ ఇటూ జరిగిన తేడాతోనా? కళ్లజోడు పెట్టుకున్నా నేనే పొరబడతాను. రెండోదానికి ముట్టుకోవద్దు అని పెట్టు."

కోడలు కంప్యూటర్లో కమాండ్లు కొట్టే నల్ల కిటికీ తెరిచి, పేరు మార్చే లేబుల్ కమాండు ఇచ్చింది. నెట్‌వర్కు డ్రైవుకు కుదరదు పొమ్మంది. అప్పుడు కంప్యూటరు తన లెక్కలు రాసుకునే రిజిస్ట్రీలో, ఆ డ్రైవు వెనకున్న సర్వరు ఫోల్డరు చిరునామా కింద పేరు రాసే కమాండు, ఒక్కో డ్రైవుకు ఒక్కో వరుస కొట్టింది. తెలుగు అక్షరాలన్నీ డబ్బాలుగా కనిపించాయి. చిన్నత్త ముఖం వాడిపోయింది.

"కంగారు పడకండి" అంటూ కోడలు డ్రైవులున్న కిటికీ మూసి తెరిచింది. డబ్బాల్లేవు. దిద్దినవి. ముట్టుకోవద్దు.

పేరు అంటుకున్నది అక్షరానికి కాదు, ఫోల్డరు చిరునామాకు. అందుకే అవే రెండు వరుసలు బాబాయి కంప్యూటర్లోనూ పనిచేశాయి.

మధ్యాహ్నం బాబాయి కిటికీలో తల పెట్టాడు. "జెడ్‌లోనేనా?"

"జెడ్డూ గిడ్డూ నాకు తెలీదు. దిద్దినవిలో ఉంది."

మిషను దడదడమంటూ కదిలింది. యజమానురాలు మొదటి కాగితం తీసి వెలుతురుకు పట్టింది. పై నుంచి కింది దాకా చదివింది. వెనక్కి తిప్పి చదివింది. తర్వాత లోపలికి వెళ్లి, బయటికి పంపుదామని కట్టించిన ప్రూఫుల కట్టలు తెచ్చి చెల్లెలి బల్ల మీద పడేసింది.

"ఇవీ నువ్వే చూడు."

"ఇన్నా?" అంది చిన్నత్త, అప్పటికే పెన్ను మూత తీస్తూ.

"నా మిషనుకూ ఓ పేరు పెట్టమ్మా" అన్నాడు బాబాయి.

"దానికెందుకు? అది రోజూ వీధి చివరి దాకా తన పేరు చెప్పుకుంటూనే ఉందిగా" అంది కోడలు.