నూరుద్దీన్ గిర్నిలో కానుగ నూనె

గల్ఫ్‌లో యుద్ధం జరిగిన ఏడు తిరుమలగిరిలో డీజిల్ దొరకలేదు. పిండి గిర్ని నడిపే నూరుద్దీన్ మూడు రోజులు చూసి, నాలుగో రోజు ఆయిల్ ఇంజన్‌లో కానుగ నూనె పోశాడు. ఇంజన్ దగ్గుతూ దగ్గుతూ నడిచింది. గొట్టంలోంచి వచ్చిన చిక్కటి పొగ, ఎదురుగా జొన్నలతో కూర్చున్న జానమ్మను గంటసేపు కమ్ముకుంది.

మర్నాడు జానమ్మ జొన్నలు లేకుండానే వచ్చింది.

"నా చేతుల గజ్జి జర తగ్గింది బిడ్డా. ఇంకో గంట కూసుంట," అంది.

వారం తిరిగేసరికి గొట్టం ముందు పదిమంది చేరారు. గొర్రెలకాపరి ఐలేశం గజ్జి పట్టిన మందనే తోలుకొచ్చాడు. పిండి పట్టించుకునేవాళ్లకు నిలబడే జాగా లేదు.

నూరుద్దీన్ ఫికర్ వేరు. ఆ చిక్కటి నూనెకు, ఇంజన్‌లోకి నూనె చిమ్మే నాజిల్ రోజూ పూడుకుపోతోంది. అతను నూనెను వేడినీళ్లతో కడిగి, జిగురు తేర్చి, పాత లుంగీలో వడగట్టాడు. పొగగొట్టానికి రాగి పైపు చుట్టి, నూనె ఆ వేడికి పలచబడి ఇంజన్‌లోకి వెళ్లేలా చేశాడు. మిగిలిన సీసాడు డీజిల్‌ను ఇంజన్ స్టార్ట్ కావడానికి మాత్రమే వాడాడు. ఇదంతా కుదరడానికి నెల పట్టింది. ఆ రోజు ఇంజన్ దగ్గలేదు. గొట్టం ముందు తెల్ల దస్తీ పట్టి అందరికీ చూపించాడు. మరక పడలేదు.

ఎవరూ సంతోషించలేదు.

"పొగేది?" అన్నాడు ఐలేశం.

"పొగ రాకుండ చేసిన. గందుకే నెల్రోజులు పట్టింది."

"మంచిగున్నదాన్ని ఖరాబ్ చేసినవ్ నూరుద్దీన్ భాయ్. నా గొర్ల గతేంది?"

పంచాయతీ కూర్చుంది. నూరుద్దీన్ నాజిల్ విప్పి తెచ్చి, చూపించి మరీ వివరించాడు. పెద్దలు శ్రద్ధగా విన్నారు. మంగళ, శుక్రవారాల్లో ఇంజన్‌ను చెడగొట్టి నడపాలని తీర్మానించారు.

నూరుద్దీన్ రెండు పూటలు అన్నం ముట్టలేదు. తర్వాత జిల్లా వ్యవసాయ అధికారికి సంగతంతా ఉత్తరం రాశాడు. ఒక బుధవారం ఆయన నిజంగానే వచ్చాడు. రాగి పైపు తడిమి, ఇంజన్ చప్పుడు చెవిపెట్టి విని, రెండు పేజీలు రాసుకున్నాడు.

"గిసొంటి పని నేను యాడ చూడలే," అన్నాడు.

నూరుద్దీన్ కళ్లు చెమ్మగిల్లాయి.

అధికారి పుస్తకం మూసి, అటూ ఇటూ చూసి, ప్యాంటు మోకాలిదాకా మడిచాడు.

"ఇయ్యాల మంగళవారం కాదని ఎరికే. కడగని నూనె గిట్ల ఏమన్న మిగిలిందా?"

నూరుద్దీన్ ఆ మోకాలి మీది గజ్జిని చూశాడు. పానా అందుకుని రాగి పైపు విప్పడం మొదలుపెట్టాడు. గొట్టం ముందు జొన్నలతో కూర్చున్న జానమ్మ జరిగి అధికారికి చోటిచ్చింది.