పిచ్చుక సంస్మరణ సభ

నా సంస్మరణ సభకి కుర్చీలు నేనే వేశాను.

పద్నాలుగు కుర్చీలు. పళ్ల డాక్టరు దగ్గర పేషెంట్లు కూర్చునే హాల్లో మామూలుగా ఎనిమిదే ఉంటాయి. మిగిలిన ఆరూ పక్కనున్న కళ్లద్దాల షాపులో అడిగి తెచ్చాను. కెటిల్లో నీళ్లు పోసి, కప్పులు కడిగి బోర్లించాను. ఈ పనులేవీ నా ఉద్యోగంలో లేవు. ఫోన్లు ఎత్తడం, వచ్చినవాళ్ల పేర్లు రాసుకోవడం, పన్ను పీకించుకోబోయేవాళ్లకి ధైర్యం చెప్పడం, ఇదీ నా ఉద్యోగం. ఏడేళ్లుగా అదే చేస్తున్నాను.

సోమవారం నాడు డాక్టరుగారు నా బల్ల దగ్గరికొచ్చి, “అమ్మా, శుక్రవారం ఐదు తర్వాత ఎవరికీ టైమివ్వకండి,” అన్నారు. “మా పిచ్చుకగారి సంస్మరణ సభ పెట్టుకుంటున్నాం. మీరు కాస్త టీ సంగతి చూసి వెళ్లిపోదురుగాని.”

“పిచ్చుకగారంటే?” అన్నాను. చేతిలో పెన్ను కదలకుండా గట్టిగా పట్టుకున్నాను.

“మీరు రోజూ వింటూనే ఉన్నారుగా! నేను డ్రిల్లు పట్టుకున్నప్పుడల్లా లోపల మోగే గిటారు ఆయనదే. నలభై ఏళ్ల కిందటి రికార్డులు. రెండంటే రెండే. పాటలు రాసిందీ ఆయనే, గిటారు వాయించిందీ ఆయనే. పేరు మాత్రం పాడినవాడు కొట్టేశాడు.”

“పోయారా ఆయన?”

“పోయే ఉంటారమ్మా. లేకపోతే అలా వాయించే మనిషి ఇన్నేళ్లు ఊరుకోగలడా?”

ఫోను మోగింది. ఎత్తాను. ఎవరికో జ్ఞానదంతం. బుధవారం పదిన్నరకి రమ్మన్నాను. పెట్టేసిన తర్వాత చూసుకుంటే ఆ పేషెంటు పేరు రాయాల్సిన చోట పిచ్చుక బొమ్మ గీసి ఉంది.

ఆ పిచ్చుకని నేనే.

బక్కగా ఉండేదాన్నని, ఎక్కడ సందు దొరికితే అక్కడ కూర్చుని వాయించేదాన్నని మా అన్నయ్య పెట్టిన పేరది. అన్నయ్య డ్రమ్ములు కొట్టేవాడు. రికార్డు అట్ట మీద ‘గిటారు, రచన: పిచ్చుక’ అని వేశారు. ఫొటోలో నలుగురం వీపులు చూపిస్తూ నిలబడ్డాం. ఆ రోజుల్లో ఆ వాయిద్యాలు పట్టుకున్న ప్రతి మగవాడికీ భుజాల దాకా జుట్టుండేది. నలుగురిలో ఆడపిల్ల ఎవరో చెప్పడం కన్నతల్లి వల్ల కూడా అయ్యేది కాదు.

ఏడేళ్ల కిందట ఈ ఉద్యోగంలో చేరిన మొదటి రోజే లోపలి గదిలోంచి నా పాట వినిపించింది. చెప్పలేదు. చెబితే నమ్మరని కాదు. నమ్మితే వాయించమంటారని.

వాయించడం మానెయ్యమని నాకెవరూ చెప్పలేదు. చిక్కంతా అక్కడే ఉంది. వద్దంటే ఎదురు తిరిగేదాన్ని, అంత పొగరుండేది నాకు. “నీకిష్టమైతే వాయించుకో, నేనేమన్నా కాదన్నానా?” అన్నారు మా ఆయన పెళ్లయిన కొత్తలో. నిజంగానే కాదనలేదు. గిటారు ఒళ్లో పెట్టుకున్నప్పుడల్లా “నా నీలం చొక్కా ఎక్కడ?” అని మాత్రం అడిగేవారు. అత్తగారూ కాదనలేదు. “వాయించుకోమ్మా, పొయ్యి మీద పాలు దించి మరీ వాయించుకో,” అనేవారు. పిల్లాడు పుట్టాక “ష్, ఇప్పుడే పడుకున్నాడు,” అనేవారు. లేచాక “లేచాడు, ఎత్తుకో,” అనేవారు. పడుకున్న పిల్లాడికీ లేచిన పిల్లాడికీ మధ్య ఒక పాట పట్టేంత సందు ఎప్పుడూ దొరకలేదు. చుట్టాలొస్తే “మా ఆవిడ ఒకప్పుడు గిటారు కూడా వాయించేది,” అని మా ఆయన గర్వంగానే చెప్పేవారు. చెప్పి, “టీ తెస్తావా?” అనేవారు. ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, అటక మీద ఊరికే దుమ్ము పట్టిపోతోందని గిటారుని వాళ్ల ఆఫీసు క్లబ్బుకి ఇచ్చేశానన్నారు. మంచి పని చేసొచ్చిన మనిషి మొహం అది. దాని మీద కోపం తెచ్చుకోవడం ఎలాగో నాకు తెలియలేదు. పొయ్యి మీద కూర మాడుతోంది. కలిపాను.

శుక్రవారం పొద్దున మా ఆయన పేపరులోంచి తలెత్తి, “ఏమోయ్, సాయంత్రం చెల్లాయి వాళ్లొస్తున్నారు. ఏడుగురు. తొందరగా వచ్చెయ్,” అన్నారు.

“దానికి కారం పడదు, గుర్తుందా?” అన్నారు అత్తగారు మంచం మీంచి.

“గుర్తుందత్తయ్యా. కూరలు చేసి పెట్టే వెళ్తున్నా. వచ్చి అన్నం ఒక్కటీ వండుతా. సాయంత్రం క్లినిక్కులో సభ ఉంది.”

“సభా?” అన్నారు మా ఆయన. “పళ్ల డాక్టరు దగ్గర ఏం సభ? ఊడిన పళ్లకి సంతాప సభా?”

పళ్లు లేని అత్తగారు అందరికంటే ఎక్కువ నవ్వారు. నేనూ నవ్వాను. జోకు బాగానే ఉంది.

సభకి పదకొండుమంది వచ్చారు. డ్యూటీ దిగి యూనిఫాంలోనే వచ్చిన బస్సు డ్రైవరు. గిటారు సంచీ మోసుకుంటూ లెక్కల మాస్టారు. సెల్‌ఫోన్లు బాగుచేసే అమ్మాయి. మిగతావాళ్లు మొహాలు తెలిసిన పేషెంట్లే. డాక్టరుగారు రికార్డు అట్టని బల్ల మీద నిలబెట్టారు. నేను టీ పోసి వెళ్లిపోవాలి. కానీ తాము పోయాక జనం ఏమనుకుంటారో వినే అవకాశం ఎంతమందికి దొరుకుతుంది? కెటిల్ పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను.

డ్రైవరు ముందు లేచాడు. “నాకు సంగీతం తెలీదండీ. మా అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు రోజూ ‘గుమ్మం దగ్గర చెప్పులు’ పాట వినేవాణ్ని. మనిషి పోయిందని పాటలో ఎక్కడా చెప్పడు. చెప్పులున్నాయంటాడు, అంతే. అమ్మ పోయిన మూడో రోజున గుమ్మం దగ్గర అమ్మ చెప్పులు చూశాను. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఆయన ఎక్కడున్నా నా దణ్ణం ఆయనకి.”

ఆ పాట రాసినప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. అవి మా అమ్మ చెప్పులు. కెటిల్ బరువెక్కిపోయింది. రెండు చేతులతో పట్టుకున్నాను.

“నాకు నచ్చేది వేరే,” అంది ఫోన్ల అమ్మాయి. “ఆయన గిటారు ఎక్కడా నన్ను చూడండి, నన్ను చూడండి అనదు. పాడేవాడి గొంతు జారిపోయే చోట కింద చెయ్యి పెట్టినట్టు వస్తుంది. మగాళ్లలో అంత ఓపిక అరుదు.”

“ఏమ్మా, మేమిక్కడే ఉన్నాం!” అన్నారు మాస్టారు. అందరూ నవ్వారు.

తర్వాత మాస్టారి వంతు. గిటారు తీశారు. దానికి ఐదు తీగలే ఉన్నాయి. మూడోది లేదు.

“‘ఖాళీ గది’ పాటలో పిచ్చుకగారు మూడో తీగ తీసేసి వాయించారని మనం ఎప్పుడో తేల్చాం,” అన్నారు. “అది ఆయన తాత్వికత. లేకపోవడాన్నే సంగీతం చేశారు. కానీ వెనకాల దూరంగా ఎవరో మూలుగుతున్నట్టు ఒక శబ్దం ఉంటుంది. ముప్పై ఏళ్లుగా వెతుకుతున్నా. నా లెక్కకి అది గదిలో ఫ్యాను.”

“ఫ్యాను కాదు, పక్క గదిలో ఎవరో పాడుతున్నారు,” అన్నారు డాక్టరుగారు. వాళ్లిద్దరికీ ఇది పాత తగవులా ఉంది.

మాస్టారు వాయించారు. బాగా వాయించారు. ఒక్క స్వరం పోకుండా నేర్చుకున్నారు పాపం. కానీ ఆ మూలుగు రావాల్సిన చోటికి వచ్చేసరికి పాట కింద నేల లేదు. మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ అక్కడే ఆగారు. మూడోసారి ఆయన మొహంలోకి వచ్చిన ఓటమి చూసి నాకు ఊరుకోబుద్ధి కాలేదు.

“తీగ తియ్యక్కర్లేదండీ,” అన్నాను.

అందరి తలలూ నా వైపు తిరిగాయి.

“ఆ తీగ ఉండాలి. నొక్కకూడదు, మీటకూడదు, అంతే. పక్క తీగలు మోగుతుంటే ముట్టుకోకపోయినా అదే సన్నగా మోగుతుంది. మీరు వెతికే శబ్దం అది.”

“అమ్మా, ఇది ముప్పై ఏళ్ల పరిశోధన,” అన్నారు మాస్టారు మర్యాదగానే. “ఆయన కావాలనే...”

“కావాలని కాదు. ఆ రోజు పొద్దున్నే అన్నయ్య చొక్కా ఇస్త్రీ చేస్తుంటే ఉంగరం వేలు కాలింది. ఇంత బొబ్బ. ఆ పాటలో ఆ తీగ నొక్కాల్సింది ఆ వేలే. రికార్డింగు రోజు మళ్లీ దొరకదన్నారు. అందుకని ఆ తీగ వదిలేసి మిగతా వేళ్లతో వాయించాను.”

వాయించాను అనేశాను. ఆ మాట బయటికొచ్చాకే నాకూ వినిపించింది.

ఫోన్ల అమ్మాయి మెల్లగా లేచి రికార్డు అట్ట తీసుకుంది. నా వెనక్కి వచ్చి నిలబడింది. ఫొటోలో వీపుని, నా వీపుని మార్చి మార్చి చూసింది. “అయ్యో,” అంది.

మాస్టారు సంచీలోంచి తీగ తీసి బిగించారు. గిటారు నాకిచ్చి, తన కుర్చీ నాకిచ్చి, తను నిలబడ్డారు.

వేళ్ల చివర్లు మెత్తబడిపోయాయి. తీగలు కత్తుల్లా కోశాయి. మొదటిసారి తప్పాను. రెండోసారి ఇంకా ఘోరంగా తప్పాను. ఆపెయ్యాలనిపించింది. మూడోసారి ఆ చోటికి వచ్చాను. మూడో తీగని ముట్టుకోకుండా పక్కవాటిని మోగించాను. నా పొట్టకి ఆనుకున్న చెక్కలోంచి ఆ సన్నటి మూలుగు లేచి హాలంతా పరుచుకుంది. మాస్టారు కళ్లజోడు తీసి చొక్కాతో తుడవడం మొదలుపెట్టారు. అది తుడిచినకొద్దీ ఆయన కళ్లు తడుస్తున్నాయి.

“ఏడేళ్లు,” అన్నారు డాక్టరుగారు. “ఏడేళ్లుగా మీ చేత టీ పెట్టిస్తున్నానా నేను?”

“చక్కెర తక్కువైందని కూడా అన్నారు,” అన్నాను.

నా ఫోను మోగింది. మా ఆయన.

“ఎక్కడున్నావ్? చెల్లాయి వాళ్లొచ్చేశారు. అన్నం ఎవరు పెడతారు?”

“బియ్యం డబ్బా పొయ్యి పక్కనే ఉంది. గ్లాసుకి రెండు గ్లాసుల నీళ్లు. మీరు పెట్టండి.”

“నేనా?”

“మీరే. నేను గిటారు వాయిస్తున్నాను. ఆలస్యమవుతుంది.”

అటు నుంచి డబ్బా మూత తీసిన చప్పుడు వినిపించింది. తర్వాత, పెళ్లయిన కొత్తలో ఎప్పుడో విన్న గొంతుతో, “గ్లాసుకి రెండు అన్నావా?” అన్నారు.

“రెండు.”

ఫోను పెట్టేయగానే అందరూ ఒక్కసారే మొదలుపెట్టారు. ఎందుకు మానేశారు, ఎవరు మాన్పించారు, ఆ పాడినవాడు మోసం చేశాడా? ఈ ప్రశ్నలన్నిటికీ నా దగ్గర జవాబులున్నాయి. నలభై ఏళ్లుగా, ఒక్కొక్కరి పేరుతో, పదును పెట్టి ఉంచుకున్నాను. నోరు తెరిచాను.

ఈలోగా డ్రైవరు వెనక వరసలోంచి అడిగాడు.

“అమ్మా, ఆ తర్వాత కొత్త పాటలేమన్నా కట్టారా?”

ఈ మాట నన్నెవరూ అడగలేదు. మా ఆయన, అన్నయ్య, నేను కన్న కొడుకు, ఎవరూ. బట్టలు ఆరేస్తూ, బస్సు కోసం నిలబడి, అత్తగారికి మందులు వేస్తూ కట్టుకున్నవి ఉన్నాయి. కాగితం మీద పెడితే ఎవరైనా చూసి నవ్వుతారని ఎక్కడా రాయలేదు. మరిచిపోకుండా రోజుకొకటి లోపల్లోపలే పాడుకుంటూ వచ్చాను.

గిటారుని ఒళ్లో సరిచేసుకున్నాను.

“నూట పన్నెండు,” అన్నాను. “ఏది ముందు వినిపించమంటారు?”