గాజు క్యాబినెట్

కంప్యూటర్ మీద పడ్డ పక్క షెడ్డు మగ్గాల నూగు తుడుస్తుండగానే తెర మళ్లీ నల్లబడింది. పొద్దుటి నుంచి చీర అంచుకు గీసిన మామిడి పిందెలన్నీ పోయాయి. కంప్యూటర్ డబ్బా, అదే క్యాబినెట్, మీద చెయ్యి పెడితే అట్లపెనంలా చురుక్కుమంది.

"నీ చెయ్యి పడితే ఏదైనా గంతే," అన్నాడు నా మొగుడు రవీంద్ర. ఊరి చివర సచిన్ పేటలో బట్టల మిల్లు డ్యూటీ దిగొచ్చి, ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యాన్‌నూ తన మొహానికే తిప్పుకుని పడుకున్నాడు.

ఈ కంప్యూటర్ కొన్నరోజు దుకాణంలో ఒక్కో డబ్బా రేకునూ బొటనవేలితో నొక్కి చూశాను. చాలావాటికి సొట్టపడింది. ఒకదాని అంచు నా వేలు కోసింది. మూలన ఉన్న నల్లది మాత్రం గట్టిది. ముందంతా జాలీ, దాని వెనక నూగును ఆపే వల, తీసి కడుక్కోవచ్చు. అదే కావాలన్నాను. దుకాణదారు నా వైపు చూడనే లేదు. "భాయ్, భాభీకో కౌన్సా కలర్ లైట్ పసంద్?" అని నాకే రంగు లైటు ఇష్టమో మొగుణ్ని అడిగాడు. ఆయనేమో గాజు ముఖం, రంగు లైట్లు ఉన్న డబ్బాను చూపించాడు. దీనికి గాలి పోయే సందేదీ అని నేనంటే అందరి ముందూ నవ్వాడు. "లోపల ఎట్లుంటే ఎవడు చూస్తడే? బయటికి మంచిగ కనబడాలె."

పైన పటారం, లోన లొటారం. కొన్నది నా డిజైన్ల సంపాదనతో. వచ్చినవాళ్లకు నా కంప్యూటరని చూపించుకునేది ఆయన.

"పొయ్యి కాడ మేం ఉడకలేదా? ఆడిదన్నంక జర ఓర్చుకోవాలె," అంటుంది అత్తమ్మ వెంకటవ్వ. వేడెక్కేది కంప్యూటరు, నేను కాదని చెప్పినా అదే మాట.

సాయంత్రానికి డిజైన్ అందకపోతే పని వేరేవాళ్లకు ఇస్తానని సేట్ ఫోన్ చేశాడు. ఇది పోతే మళ్లీ చీరలకు రాళ్లు అతికిస్తూ నేల మీద నడుము విరగ్గొట్టుకోవాలి. ఆ తలపుకే ఒళ్లు మండింది. అది కోపం కాదు, పగ.

స్క్రూడ్రైవర్ తెచ్చి గాజు తలుపు ఊడదీశాను. ఆయన మొహం మీది ఫ్యాన్ లాక్కొచ్చి క్యాబినెట్ లోపలికి తిప్పాను. జాలీ డబ్బా నేనే వెళ్లి తెచ్చుకుంటాను. అందాకా ఈ ఫ్యాన్ నాది.

తెర వెలిగింది. మొదటి మామిడి పిందె గీస్తుండగా మంచం కిర్రుమంది.

"ఏందే! ఉక్కపోస్తున్నది, ఫ్యాన్ ఇటు తిప్పు!"

వెనక్కి తిరిగి, చెమటలో తడుస్తున్న మనిషిని తల నుంచి కాళ్ల దాకా నింపాదిగా చూశాను.

"లోపల ఎట్లుంటే ఎవడు చూస్తడు? బయటికి మంచిగనే కనబడుతున్నవ్ గదా."