తోమిన పైస

మొగిలి అప్పటికి పదిహేడు దీపాలు తోమాడు. పద్దెనిమిదోదాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, చింతపండు పిప్పిని ఇటుక పొడిలో అద్ది, ఇత్తడి అడుగు చుట్టూ బొటనవేలితో నొక్కి రుద్దుతున్నాడు. బొగ్గు బావి లోపలి గాలిలో మండే వాయువు ఉందో లేదో చూడటానికి పని చేయించే సర్దార్లు, ఓవర్‌మన్లు పట్టుకుపోయే దీపాలవి. కార్మికుల టోపీలకు తగిలించే కరెంటు దీపాలు వేరు. వాటి బ్యాటరీలు సదయ్య చూసుకుంటాడు. ఇత్తడివి మొగిలివి. నెలనెలా ఇచ్చే పాలిష్ డబ్బాలు బల్ల కింద మూత తియ్యకుండా పేర్చి ఉన్నాయి. ఆ మెరుపు రెండో పూట దాకా ఆగదని అతని నమ్మకం.

యాభై ఆరేళ్ళ మనిషి. ఎడమ తుంటి కిందికి జారినట్టు ఉంటుంది. బెల్లంపల్లిలో పనికి చేరిన రెండో ఏడు పైకప్పు బండ విరిగి పడితే ఎముక చిట్లింది. తేలిక పని అని చెప్పి దీపాల గదిలో కూర్చోబెట్టారు. అక్కడ పద్నాలుగేళ్ళు, గోదావరిఖనికి బదిలీ అయ్యాక పన్నెండేళ్ళు. ఇరవై ఆరేళ్ళ పులుపుకు వేళ్ళ కొసలు తెల్లగా ఉబ్బి, అక్కడక్కడ చీలి ఉంటాయి. చీలికల్లో ఇటుక ఎరుపు. అది స్నానానికి పోదు. తన చేతి నుంచి మసితో ఏ దీపమూ బయటికి పోలేదన్నది అతనికున్న ఒకే ఒక్క గొప్ప. ఆ మాట ఇంకెవరూ అనలేదు కాబట్టి అతనే అప్పుడప్పుడు అనేవాడు.

ఆరున్నరకు కిటికీ ముందు వరుస కట్టారు. టోకెన్ లోపలికి వస్తే దీపం బయటికి పోతుంది. ఇత్తడిదైనా కరెంటుదైనా అందించేది మొగిలే. మొగిలి ముఖాలు చూడడు, చేతులే చూస్తాడు. చూపుడు వేలి గోరు సగమే ఉన్న చెయ్యి వచ్చింది. ఇస్హాక్‌ది.

"ఇయ్యాల్టితోని నా పీడ పోతది నీకు, మొగిలీ."

ఓవర్‌మన్‌గా ఇస్హాక్‌కు అదే ఆఖరి షిఫ్టు. ఇంటి సామాను నిన్ననే లారీలో హైదరాబాదు పోయింది. సాయంత్రం బస్సుకు అతనూ పోతాడు.

"ఇరవై యేండ్ల పీడ, ఒక్క పూటల యాడ పోతది సాబ్."

"తెచ్చినవా?"

మొగిలి చొక్కా జేబు మీద చెయ్యి వేశాడు. "తెచ్చిన."

"ఏది, ఒక్కపారి చూపియ్యి."

వెనక నుంచి ఎవరో అన్నారు: "ఓ సాబూ, రిటైరయింది నువ్వు, మేం గాదు. జల్ది నడువు, హాజరు పోతది."

వరుసంతా నవ్వింది. ఇస్హాక్ కూడా నవ్వి దీపం అందుకున్నాడు. "సరె, పైకొచ్చినంక చూస్త. పైలం," అని బావి వైపు నడిచాడు.

ఇస్హాక్ పాత నాణేలు పోగుచేస్తాడని బస్తీ అంతటికీ తెలుసు. పొలం దున్నుతుంటే దొరికినవి, గోడ కూలిస్తే దొరికినవి, ముసలమ్మల మూటల్లోవి తెచ్చి ఇచ్చేవారు. ఇప్పుడు ఆ పెట్టె మొత్తం హైదరాబాదు మ్యూజియానికి ఇచ్చేస్తున్నాడు. ఏది ఎక్కడ దొరికిందో, ఎవరికి దొరికిందో పేరుతో సహా రాసి ఇస్తున్నాడు. పోయిన వారం తనే మొగిలి ఇంటికి వచ్చి గడప అవతల నిలబడి అడిగాడు. "చెల్లె పేరు గూడ అండ్ల ఉండాలె మొగిలీ. గా పైస నాకియ్యి. వంద యేండ్లకైన ఎవడన్న అద్దం వెనక చదువుతడు."

చెల్లె అంటే ఐలవ్వ, మొగిలి భార్య. ఆమె పోయి ఏడు నెలలు. పోయినప్పుడు అతను రెండో షిఫ్టులో దీపాలు తోముతున్నాడు. కబురు వచ్చాక కూడా చేతిలో ఉన్న దీపం పూర్తి చేసి లేచాడు.

ఐలవ్వ పేరు ఎక్కడా లేదు. పిల్లలు పుట్టలేదు. క్వార్టరు మొగిలి పేరున ఉంది. పూడ్చిన చోటు గుర్తు రెండో వానకే పోయింది. ఫోటో లేదు. ఒకసారి మందమర్రి బజారులో తెర కట్టి ఫోటోలు తీసే మనిషి పిలిస్తే ఆమె ఆగింది, కొంగు సర్దుకుంది కూడా. "మల్లొచ్చినప్పుడు సూద్దాంతియ్," అని మొగిలి ముందుకు నడిచాడు. ఏదీ రెండోసారి అడిగే మనిషి కాదామె. ఇప్పుడు ఆమె ముఖం తలుచుకుంటే ముక్కుపుల్ల ఒకసారి వస్తుంది, చెవి కింది పుట్టుమచ్చ ఒకసారి వస్తుంది. రెండూ కలిసి రావు.

అందుకే ఇస్హాక్ అడిగిన వెంటనే ఇస్తానన్నాడు. పేరు ఒక్క చోటైనా ఉండాలి.

పది గంటలకు దీపాల గదిలో సందడి తగ్గింది. మొగిలి జేబులోంచి గుడ్డ పీలిక తీసి విప్పాడు. పాత అర్ధణా అంత రాగి నాణెం. రాగి అని చెబితే తప్ప తెలియదు. ఎండిన నాచులాంటి పచ్చని పొర, మధ్య మధ్య నలుపు. ఒకవైపు తొండం ఎత్తిన ఏనుగు, దాని వీపు మీదుగా చీమల బారులా ఏవో అక్షరాలు. రెండోవైపు నాలుగు గుండ్రాలు.

ఐలవ్వ తల్లిగారి ఊరు గోదావరి గట్టున ఉంది. పెద్ద వాన పడితే ఊరి పక్క పాటిగడ్డ, వెనకటి ఊరి దిబ్బ, కోసుకుపోయి పెంకులు, పూసలు బయటపడతాయి. మేకలు కాసే వయసులో ఆమెకు అక్కడ దొరికింది. తండ్రి చూస్తే కంచరివాళ్ళకు కరగబొయ్యడానికి ఇచ్చేస్తాడని లంగా అంచులో పెట్టి కుట్టుకుంది. అట్లాగే అత్తగారింటికి తెచ్చుకుంది. దానికి పసుపు పెట్టలేదు, దండం పెట్టలేదు. గూట్లో ఉంచి, పొద్దుగూకే వేళ చేతిలోకి తీసుకుని కాసేపు కూర్చునేది. "ఏముందే అండ్ల?" అని మొగిలి అడిగితే ఒకే మాట అనేది: "గిది నాకు దొర్కింది." ఆమెకు ఒంటిమీది చీర నుంచి ఉండే గది దాకా అన్నీ ఎవరో ఒకరు ఇచ్చినవే. దొరికినది అదొక్కటే.

ఒక రంజాన్ నాడు సేమియా గిన్నె ఇవ్వడానికి వచ్చి ఇస్హాక్ దాన్ని చూశాడు. అంచులు పట్టుకుని వెలుతురుకు తిప్పి తిప్పి చూశాడు. తిరిగి ఇస్తూ ఆమెకు ఏదో చెప్పాడు. మొగిలి అప్పుడు పెరట్లో చెంబు తోముతున్నాడు. ఆ తర్వాత మూడుసార్లు చింతపండుతో దాని మీదికి పోతే ఐలవ్వ చెయ్యి కొట్టింది. "దాని జోలికి రాకు. పోయి నీ దీపాలు తోముకో." ఎందుకని అతను అడగలేదు. మొండితనం అనుకున్నాడు.

ఇప్పుడు చెయ్యి కొట్టేవాళ్ళు లేరు.

"గిదేందే మొగిలన్నా, బూజు పట్టిన మామిడి చెక్క లెక్కున్నది?" అన్నాడు సదయ్య, బ్యాటరీకి నీళ్ళు పోస్తూ.

"మా ఇంటామెది. సాబ్ అడిగిండు. హైదరాబాదుకు పోతది."

"మరి తోముతవా? పాతది పాతలెక్కనే ఉండాల్నంటరు గదా."

"ఎవలన్నరు?"

"ఏమో. సాబ్ పెట్టెల అన్ని మురికి మురికిగనే ఉంటయట."

"గందుకే అండ్ల అక్షరం కనపడక అద్దాలు పెట్టుకుంటుండు. అద్దం వెనక పెడ్తరట సదయ్యా, దునియ సూస్తది. దాని కింద ఐలవ్వ అని పేరుంటది. మురికిదాని కింద పెట్టుమంటవా ఆమె పేరు?"

సదయ్య నవ్వాడు. "నువ్వు పెండ్లినాడు మా వదినను గూడ చింతపండుతోని తోమినంకనే తాళి గట్టినవట గదా."

మొగిలి కూడా నవ్వాడు. ఏడు నెలల్లో మొదటిసారి. కొత్త చింతపండు తీసి నానబెట్టాడు. దీపాలకు వాడే గరుకు పొడి కాకుండా, మెత్తని పొడిని గుడ్డలో జల్లించుకున్నాడు. నాణేన్ని పులుసులో నాననిచ్చి, అరచేతిలో పెట్టుకుని, బొటనవేలితో చిన్న చిన్న సున్నాలు చుడుతూ రుద్దాడు. పచ్చ పొర మొదట మొరాయించింది. తర్వాత ఒక అంచున మెత్తబడి ముద్దలా లేచింది. కింద ఎరుపు కనబడింది. ముప్పై ఏళ్ళు ఆమె ఆ ఎరుపు చూడకుండానే పోయింది కదా అనుకున్నాడు. దీపం మీదికి వంగినట్టే వంగి, ఊపిరి బిగబట్టి, అంచు నుంచి మధ్యకు, మధ్య నుంచి అంచుకు తోమాడు. ఆకుపచ్చ నీళ్ళు మణికట్టు మీదుగా కారి మోచేతి దగ్గర బొట్లుగా రాలాయి.

కడిగి వెలుతురులో పెట్టాడు. అప్పుడే టంకశాల నుంచి వచ్చినట్టు మెరిసింది.

సదయ్య వచ్చి తొంగి చూశాడు. "మంచిగ మెరుస్తున్నది. ఏనుగేదే?"

మొగిలి తిప్పి చూశాడు. ఎర్రటి రాగి మీద సన్నటి గుంటలు, అమ్మవారు పోసిన ముఖం మీద ఉన్నట్టు. ఏనుగు వీపు ఉన్నచోట చిన్న ఉబ్బు. "ఉన్నది. ఇంకింత మట్టుంది, అది పోతె తేలుతది," అన్నాడు. మళ్ళీ పొడిలో అద్దాడు. ఈసారి గట్టిగా రుద్దాడు. ఉబ్బు కూడా చదునైంది. అతను కడిగి, తుడిచి, గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత రెండు దీపాలు తోమాడు. రెండో దీపం గాజును సగమే తుడిచి పక్కన పెట్టాడు. అది సదయ్య చూశాడు.

మూడు గంటలకు సైరన్ కూత వినిపించింది. మొదటి షిఫ్టు పైకి వచ్చింది. ఇస్హాక్ అందరికంటే వెనక వచ్చాడు. దీపం అప్పజెప్పి, మొగిలి ఇచ్చిన టోకెన్‌ను హాజరు రాసే గుమాస్తా దగ్గర జమచేసి, గది లోపలికే వచ్చాడు. ముఖం నిండా బొగ్గు. చేతులు మాత్రం బయటి కుళాయి దగ్గర సబ్బు పెట్టి కడుక్కున్నాడు. టిఫిన్ సంచిలోంచి కళ్ళజోడు తీశాడు, రెండు వేళ్ళంత అట్టముక్క ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇయ్యి."

మొగిలి గుడ్డతో సహా ఇచ్చాడు. ఇస్హాక్ విప్పాడు. చూశాడు. గుడ్డలో ఇంకేదైనా ఉందేమోనని దులిపి చూశాడు.

"గిది గాదు మొగిలీ. చెల్లెది."

"అదే సాబ్. తోమిన."

ఇస్హాక్ కిటికీ దగ్గరికి నడిచాడు. కళ్ళజోడు పెట్టుకుని ఒకవైపు, తర్వాత రెండోవైపు, తర్వాత అంచు చూశాడు. జోడు తీసేసి మళ్ళీ చూశాడు. తిడతాడని మొగిలి ఎదురుచూశాడు. తిట్టలేదు.

"మకిల తీసిన సాబ్," అన్నాడు మొగిలి.

"గా మకిలలనే ఉన్నయి అక్షరాలు. లోపల రాగిని మట్టి ఎన్నడో తిన్నది. పైనున్న పచ్చదే దాని తోలు. నీళ్ళు గూడ తాకియ్యొద్దని చెల్లెకు చెప్పిన."

"నాకు చెప్పలే."

"ఆమె గూడ చెప్పలేదా?"

మొగిలి బల్ల మీది చింతపండు పిప్పిని పక్కకు జరిపాడు. చెప్పింది. మూడుసార్లు చెయ్యి కొట్టింది.

"ఉప్పుల పెడితె పచ్చగైతది గద సాబ్. ఎన్నొద్దులైన పెడ్త."

"పచ్చగైతది. ఏనుగు రాదు."

"మీరు సూసిండ్రు గద. మీ యాదిల ఉన్నది రాయిండ్రి."

"ఏం యాది మొగిలీ. మొదటి రెండక్షరాలు అందినయి, అంతే. ఏ రాజుదో ఏమో. ఇంకెక్కడ గసుంటిది సూడలే నేను. గిది తీస్కపోతె రాగిముక్క అంటరు. అంటె నేనేం చెప్పాలె?"

"పేరన్న ఉంచుండ్రి సాబ్. పైస లేకున్న మానె."

ఇస్హాక్ బల్ల మీది అట్టముక్క వైపు చూశాడు. "దేని కింద ఉంచాలె?" అన్నాడు.

బయట రెండో షిఫ్టువాళ్ళు కిటికీ చెక్క మీద టోకెన్లతో కొట్టడం మొదలుపెట్టారు. "మొగిలన్నా, పండుకున్నవా?" అని ఒకడు, "సాబ్‌తోని బస్సెక్కిండేమోరా," అని ఇంకొకడు. మొగిలి అటు తిరిగాడు. చేతులు వాటంతట అవే దీపాలు అందుకున్నాయి. ఒక టోకెన్, ఒక దీపం. వెనక ఇస్హాక్ నాణేన్ని గుడ్డలో చుట్టడం, మొగిలి చొక్కా జేబులోకే దాన్ని మెల్లగా దించడం అతనికి తెలిసింది. భుజం మీద ఒక చెయ్యి పడింది, ఒక క్షణం ఆగింది.

"ఉంట మొగిలీ."

"మంచిది సాబ్," అన్నాడు మొగిలి వెనక్కి తిరగకుండా. తిరిగితే వరుస ఆగిపోతుంది.

నూట పన్నెండు చేతులు అయ్యాక కిటికీ ఖాళీ అయింది. సగం తుడిచిన గాజు దీపం కూడా ఎవరో సర్దార్ చేతిలో లోపలికి పోయింది. గదిలో ఎవరూ లేరు. సదయ్య ఇంటికి పోయాడు. ఇస్హాక్ ఈపాటికి బస్టాండులో ఉంటాడు, లేదా బస్సు కదిలే ఉంటుంది. కుంటుకుంటూ పోతే అందదు. అందినా అడగడానికి ఏమీ లేదు.

బల్ల మీద అట్టముక్క అలాగే ఉంది. నల్ల సిరాతో, తెలుగులో, కింద ఉర్దూలో, ఇస్హాక్ పొందికైన చేతిరాత: ఐలవ్వ. మేకలు కాస్తుండగా దొరికినది. గోదావరి గట్టు. పేరుకు పైన నాణెం కూర్చోవడానికి కొలతపెట్టి కత్తిరించిన గుండ్రటి రంధ్రం, అందులోంచి కనిపిస్తున్న బల్ల చెక్క.