మేస్త్రి చేతి ఉప్పు

మా మామ ఇస్రాయేలు మీద నాకో ఫిర్యాదు ఉంది. చిట్యాల చుట్టుపక్కల పెళ్లయినా, దావతైనా వంట మేస్త్రి ఆయనే. ఆయన వండిన కూర తిని జనం వేళ్లు నాక్కుంటారు. అదే మనిషి ఇంట్లో నా పప్పు ముందు కూర్చుంటే, దవాఖానలో పథ్యం తింటున్నట్టు మొహం పెడతాడు.

"బిడ్డా గ్లోరీ, ఉప్పు గిట్ల పిరమైందా, ఇంత పిసరే ఏస్తున్నవ్?" అంటాడు.

కంచం అంచున ఇంత ఉప్పు పోసుకుని అద్దుకు తింటాడు. బీకాం చదివిన కోడలికి అన్నీ తెలుసు గాని ఉప్పు తెలియదని వాడకట్టంతా చాటింపు కూడా వేశాడు.

మొన్నీమధ్య మా అమ్మతో ఫోన్లో మాట్లాడుతూ పాలకూర పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. పిల్లలు మొదటి ముద్దకే కంచాలు జరిపేశారు. మా ఆయన సాల్మన్ పెరుగు గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. మామ మాత్రం మారు వడ్డించుకుని, "ఇయ్యాల కుదిరింది. గిట్లనే రోజూ వండరాదే!" అన్నాడు.

నేనూ సాల్మనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. లోపం నా చేతిలో లేదు. ఆయన నాలుకలో ఉంది.

సాల్మన్ వంటింట్లోకి రాగానే అడిగాను. "మరి చెప్తవా?"

"ఏమని చెప్పాలె? బాపూ, నీ నాలిక సచ్చిందని చెప్పాల్నా? మేస్త్రికి నాలిక లేకపోతే ఇగేముంటది?"

సాల్మన్ బాధ వేరే ఉంది. బేరాలు, పనివాళ్లు, గ్యాసు పొయ్యిలు, ట్రాలీ ఆటో, చివరికి మామ ఫోన్ నంబరుతో సహా అన్నీ అతని చేతికి వచ్చాయి. ఉప్పు ఒక్కటే రాలేదు. మా వంటవాళ్లలో ఉప్పు వేసేవాడే మేస్త్రి, తక్కిన వాళ్లంతా కూలీలు. నెత్తిన తెల్లవెంట్రుకలు వచ్చినా సాల్మన్ ఇంకా 'మేస్త్రి కొడుకే'.

ఆ ఉప్పు పడటం ఒక తంతు. మామ కూర ఉడికే పెద్ద గంజు ముందు నిలబడి ప్రార్థన మొదలుపెడతాడు. అందరూ తలలు వంచి కళ్లు మూసుకోవాలి. ఆమెన్ అనేసరికి ఉప్పు పడిపోయి ఉంటుంది. పనివాళ్లలో సగం మంది ఎల్లమ్మకు మొక్కేవాళ్లే, అయినా వాళ్ల ఆమెనే గట్టిగా వినిపిస్తుంది. పడ్డాక ఇంకెవరూ గంటె ముంచి రుచి చూడకూడదు. చూస్తే మేస్త్రిని అనుమానించినట్టే.

మాఘమాసంలో వెంకటయ్య కూతురి పెళ్లి వచ్చింది. మామ జ్వరపడి లేచాక ఇదే మొదటి పెద్ద వంట. ఫంక్షన్ హాలు వెనక రేకుల షెడ్డులో వంట. మా ఇంటిల్లిపాదినీ పిలిచారు కాబట్టి నేను పట్టుచీర కట్టుకుని వెళ్లాను. కాని మనసంతా షెడ్డులోనే ఉంటే కుర్చీలో ఎంతసేపు కూర్చుంటాం? లేచి వెనక్కి వెళ్లాను.

రెండు గంజుల్లో మటన్ ఉడుకుతోంది. మామ మొదటి గంజు ముందు నిలబడి ప్రార్థన ఎత్తుకున్నాడు. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. పైన దేవుడూ మూసుకుని ఉండడు కదా.

ప్రార్థన పొడుగ్గానే సాగింది. గుప్పిళ్లు అంతకంటే పొడుగ్గా సాగాయి.

"ఆమెన్!"

నేను సాల్మన్‌ను మోచేత్తో పొడిచాను. "పోసిండు చూడు, దొడ్డుప్పు సగం తట్ట ఖాళీ! పోయి రుచి చూడు."

"చూడొద్దు గదనే."

"నువ్వు చూడకపోతే ఊరంత చూస్తది."

మామ అప్పటికే ఉప్పు తట్ట చంకన పెట్టుకుని రెండో గంజు వైపు నడుస్తున్నాడు. సాల్మన్ గంటె అందుకుని మొదటి గంజులో ముంచాడు. అరచేతిలో వంపుకుని నాకాడు. ఉల్లిగడ్డలు కోస్తున్న బాలనర్సమ్మ చెయ్యి ఆగిపోయింది.

"నా గంజుల గంటె పెడ్తివారా?" అన్నాడు మామ.

"బాపూ, ఉప్పు మస్తెక్కువైంది. గా రెండో దాంట్ల ఎయ్యకు. రెండు కలిపితే సరిపోతది."

"నువ్వు పుట్టకముందుకెల్లి ఏస్తున్న. నాకు ఉప్పు నేర్పుతవా? వెంకటయ్యను పిలువుండ్రి! తినేటోళ్లదే మాట."

వెంకటయ్య కొత్త పంచెతో హడావుడిగా వచ్చాడు. ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. కళ్లు పెద్దవయ్యాయి. తరువాత చెమ్మగిల్లాయి. కష్టం మీద మింగాడు.

"మంచిగుంది మేస్త్రీ. నీ చేతికి పేరు పెట్టేటోడు ఎవడు?"

మామ మీసం మీద చెయ్యి వేసి కొడుకు వైపు చూశాడు. వెంకటయ్య మాత్రం వెళ్లేవాడు వెళ్లకుండా నీళ్ల డ్రమ్ము దగ్గర ఆగాడు. గ్లాసు ముంచి తాగాడు. మళ్లీ ముంచాడు. "ఎండ బాగ కొడ్తాంది" అన్నాడు, ఎవరూ అడగకపోయినా. పొద్దుటి నుంచి మబ్బు పట్టి ఉంది. పనివాళ్లు మఫ్లర్లు కూడా విప్పలేదు. వెంకటయ్య మళ్లీ ముంచాడు.

మామ ఆ గ్లాసునే చూస్తూ నిలబడ్డాడు. మీసం మీది చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

"కూరల నీళ్లు ఇగిరినయేమో" అని గొణిగాడు. తట్టలోకి చూసి, "గీ ఉప్పు కంపిని మార్చిండ్రా?" అన్నాడు. తట్టలో పోసుకొచ్చిన దొడ్డుప్పుకు కంపెనీ ఏమిటని బాలనర్సమ్మ నోరు తెరవబోయింది. నేను కళ్లురిమాను.

హాల్లో బ్యాండు ఒక్కసారిగా మోగింది. తాళి కట్టే వేళైందని వెంకటయ్య గ్లాసు వదిలేసి హాల్లోకి ఉరికాడు. అది కాగానే జనం భోజనాల బంతికి లేస్తారు.

"ఖాళీ గంజు పట్రాండ్రి. రెండు కూరలు కలుపుదాం" అన్నాడు సాల్మన్.

ఒక్కరూ కదల్లేదు. అందరూ మామ మొహమే చూస్తున్నారు. సాల్మన్ చేతిలో గంటెతో అలాగే నిలబడిపోయాడు. అంత పెద్ద మనిషి నాకు చాలా చిన్నగా కనిపించాడు.

మామ రెండో గంజు దగ్గర నుంచి వెనక్కి వచ్చాడు. ఉప్పు తట్ట తెచ్చి కొడుకు చేతుల్లో పెట్టాడు. పనివాళ్ల వైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు.

"నా మొకం ఏం జూస్తున్నరు? జరమొచ్చి లేచిన కాడికెల్లి నా నాలిక రుచి చెప్తలేదు. చెప్పుకుంటే నన్నెవరు పిలుస్తరని ఊకున్న. తప్పు నాది. మేస్త్రి చెప్పిండు గద, కలుపుండ్రి!"