వరండా మీద తడి అడుగులు

రోజూ పొద్దున ఏడింటికి సోబే రేడియో ముందు కూర్చునేది. పాపువా న్యూగినీ ఒడ్డున ఒక ఊరికి ఆరోగ్య కార్యకర్త ఆమె. సముద్రపు పాయకు అవతల, ఆస్ట్రేలియా వాళ్ళ సైబాయి దీవిలో, నర్సు అనీబా అదే వేళకు ఆస్పత్రి తలుపు తీసి వరండా చూసేది. ఈ ఒడ్డున ఎవరికి జబ్బు రానున్నా వాళ్ళ తడి అడుగులు ముందుగా ఆ చెక్కల మీద పడేవి. వాటి ఆనవాళ్ళు అనీబా రేడియోలో చెప్పేది.

"చిన్న పాదం వదినా. ఎడమకాలికి చిటికెన వేలు లేదు."

"మా కైరి కూతురు. ఇవాళే పంపిస్తా."

పంపడమంటే సోబే తమ్ముడు గమేయా పడవలోనే. ఇంజనున్న పడవ ఊళ్ళో అదొక్కటే. అలలు కొడితే రోగులంతా వాడితోపాటు ఒకే టార్పాలిన్ కింద ముడుచుకునేవాళ్ళు. దీవి చేరగానే వాడు బకెట్టు పట్టుకుని మెట్ల పక్క మూల కడిగేవాడు. "మావాళ్ళ బురదకాళ్ళు, నీకెందుకమ్మా శ్రమ!" అనేవాడు. అనీబా మురిసిపోయేది.

ఆ వారం గాలి తిరగబడి పడవలు కదల్లేదు. మూడోనాడు రేడియోలో అనీబా గొంతు తగ్గింది.

"మగ పాదం. మెట్ల పక్క మూల మూడు రోజులు కడగకపోతే తేలింది. మడమకు అడ్డంగా పెద్ద మచ్చ. ఇది నిన్నటిది కాదు వదినా, అక్కడ చెక్క అరిగిపోయింది. నెలల తరబడి వస్తున్నట్టుంది."

ఆ మచ్చకు కుట్లు వేసింది సోబేనే.

గమేయా గట్టు మీద పీతల వల సరిచేస్తున్నాడు.

"నీ అడుగులు ఎన్నాళ్ళనుంచి కడుగుతున్నావురా?"

వాడు తలెత్తలేదు. "పొగాకు దగ్గక్కా."

"నెత్తురు పడుతోందా?"

"నేను మంచాన పడితే వీళ్ళనెవరు దాటిస్తారు? నాకు క్షయ అని తెలిస్తే నా పడవ ఎక్కుతారా ఎవరైనా?"

"ఇన్నాళ్ళూ ఎక్కినవాళ్ళ సంగతేంట్రా?"

గమేయాకు దగ్గొచ్చింది. ఒడ్డున లాగిపెట్టిన తన పడవలో పిల్లలు ఆడుకుంటున్నారు. వాళ్ళను చూసి వల వదిలేశాడు.

గాలి తగ్గగానే సోబే తనే ఇంజను పట్టింది. వాడిని గాలివాలుకు, దూరంగా కూర్చోబెట్టింది. అనీబా కఫం తీసి, స్టెతస్కోపుతో ఛాతీ పరీక్షించి, పాపువా వైపునున్న డారు దీవి ఆస్పత్రికి ఫోను చేసింది. మంచం దొరికింది.

"ఇంకో నెల ఆగుంటే ఊపిరితిత్తి మిగిలేది కాదు. ఇప్పుడు బతుకుతాడు," అంది.

మర్నాడు సోబే ఊళ్ళో మళ్ళీ రేడియో ముందు కూర్చుంది. ఏడు దాటినా రేడియో పలకలేదు. చివరికి అనీబా అంది:

"వదినా, పెద్ద కాగితం తెచ్చుకో. తలుపు నుంచి మెట్ల దాకా కాలు పెట్టే చోటు లేదు. అన్నీ కొత్తవే. పిల్లల నుంచి చెప్పనా?"

"చెప్పు."

ఒక్కో పాదమూ చెబుతుంటే సోబే పేరు రాసుకుంటూ పోయింది. అందరూ గమేయా పడవ ఎక్కినవాళ్ళే. పద్నాలుగో పేరు దాటింది.

"ఆడ పాదం. బొటనవేలి కంటే పక్కవేలు పొడుగు. అరికాలు చదును."

సోబే బల్ల కింద తన కాళ్ళకేసి చూసుకుంది.

"వదినా, ఉన్నావా?"

"ఉన్నా. రాసుకున్నా," అంది సోబే. "తర్వాతది చెప్పు."