రెండో అంకె

రోలరు నుంచి బయటికొస్తున్న దుప్పటి అంచు అందుకోబోయి వదిన ముంజేయి కాల్చుకుంది. చెయ్యి బకెట్లో ముంచి మళ్ళీ రోలరు దగ్గరికే వచ్చింది. ఆసుపత్రి లాండ్రీలో ఇస్త్రీ గది అది. వేడిగాలిని బయటికి తోసే ఫ్యాను ఎండాకాలం మొదట్లోనే ఆగిపోయింది. కూలి దుప్పటి లెక్కన ఇస్తారు కాబట్టి గుమ్మంలో నిలబడి కాసేపు గాలి పీల్చుకున్నా అది ఆడవాళ్ళ కూలిలోంచే పోతుంది.

నిజానికి ఆమె ఒక్కడికే వదిన. ఆ మరిది పక్క గదిలో ఉతుకు యంత్రాల మీద పనిచేస్తాడు. అతని నోట విని లాండ్రీ అంతా ఆమెను వదినా అనే పిలుస్తుంది.

ఆ వేడిలోకి కార్మిక సంఘం కార్యదర్శి వచ్చాడు.

"ప్రతినిధి ఎన్నికలోంచి పేరు వెనక్కి తీసుకోమ్మా. పోయినసారి చూశావుగా. మనవాళ్ళే ఇద్దరు నిలబడ్డారు. ఓట్లు చీలి మేస్త్రీ గెలిచాడు."

మేస్త్రీ కంట్రాక్టరు మనిషి. కార్మికుల ప్రతినిధి అయ్యాక అతను చేసిందల్లా నవ్వడం. ఫ్యాను బాగుచేయించమంటే నవ్వాడు. జ్వరమొచ్చింది, సెలవు కావాలంటే నవ్వాడు.

"నా మరిదినే తప్పుకోమనండి," అంది వదిన, దుప్పటి మీదనుంచి చూపు తిప్పకుండానే.

"యంత్రాల గదివాళ్ళు ఊరుకోరమ్మా."

"మేం ఊరుకుంటామని మీకెవరు చెప్పారు?"

కార్యదర్శి చెడ్డవాడు కాదు. చెమట తుడుచుకుంటూ కాసేపు ఆలోచించాడు. వేరే సంఘాల్లో ఒక పద్ధతి ఉందన్నాడు. చీటీ మీద ముద్ర ఉండదు. బాగా నచ్చినవాళ్ళ పేరు ఎదురుగా ఒకటి, ఆ తర్వాతవాళ్ళకి రెండు అని అంకె వెయ్యాలి. ఎవరికీ సగం దాటకపోతే, అందరికన్నా తక్కువ వచ్చినవాళ్ళని పక్కనపెట్టి, వాళ్ళ చీటీల మీద రెండు ఎవరికుంటే వాళ్ళకి కలుపుతారు.

"అప్పుడు ఎవరూ తప్పుకోనక్కర్లేదు," అన్నాడు.

ఆ వారం గేటు దగ్గర సమావేశంలో ఈ మాట పెడితే యంత్రాల గదివాళ్ళు తలలూపారు. దుప్పట్లు మడిచే అవ్వ ఒక్కతే లేచింది.

"ముద్రయితే నా చేత్తో నేనే గుద్దేదాన్ని నాయనా. అంకెలు వెయ్యడం రాదు, ఇంకొకరి చెవిలో చెప్పి వేయించుకోవాలి. చెవిలో పడ్డ మాట గుట్టుగా ఉంటుందా? మా గదిలో సగంమంది నాలాంటివాళ్ళే."

కార్యదర్శి అంకెల పద్ధతికి ఒప్పుకునేవాళ్ళని చేతులెత్తమన్నాడు. అవ్వ వైపు చూడకుండా వదిన చెయ్యెత్తింది.

ఆ రోజునుంచి మధ్యాహ్నం అన్నాల వేళ మడతల బల్ల మీద తడివేలితో ఒకటీ రెండూ గీసి చూపించేది. అవ్వ వంగి చూసేలోపే అంకె ఆరిపోయేది. "ఈ వయసులో నాకు బడేంటే" అంటూనే అవ్వ తనూ వేలు తడుపుకునేది. ఒకటి నాకు వేయండి, రెండు మాత్రం నా మరిదికి వేయడం మరిచిపోకండని వదిన గదిలో ఒక్కొక్కరికీ చెప్పింది. మరిది కూడా తన గదిలో అలాగే చెప్పాడనుకుంది. ఇంట్లో అన్నం తింటూ అతను, "ఎవరు గెలిచినా మనింట్లోనే కదా వదినా," అన్నాడు. ఆమెకు గుండె తేలికపడింది.

లెక్కింపు బట్టల గోదాములో జరిగింది. మేస్త్రీకి ముప్పై నాలుగు. వదినకి ఇరవై ఎనిమిది. మరిదికి ఇరవై అయిదు. కొన్ని చీటీలు చెల్లలేదు. అందులో ఒకదాని మీద వదినకీ మరిదికీ ఇద్దరికీ ఒకటే వేసి ఉంది.

"నాదే అది," అంది అవ్వ. "ఇద్దరూ నా పిల్లల్లాంటివాళ్ళు. ఒకరికి తక్కువ వెయ్యడానికి చెయ్యాడలేదు."

పద్ధతి ప్రకారం మరిదిని పక్కనపెట్టి, అతని చీటీలు మళ్ళీ విప్పారు. కార్యదర్శి రెండో అంకె చదువుతూపోయాడు. మేస్త్రీ. మేస్త్రీ. ఖాళీ. వదిన. మేస్త్రీ. ఖాళీ. చదివేకొద్దీ అతని గొంతు తగ్గిపోయింది. ఇరవై అయిదులో పదకొండు మేస్త్రీకి వెళ్ళాయి. ఎనిమిదింటి మీద రెండో అంకే లేదు. వదినకి వచ్చినవి ఆరు. రోజూ ఆమె చేతినుంచి టీ గ్లాసు అందుకుంటూ వదినా, వదినా అన్న గొంతులన్నీ అక్కడే ఉన్నాయి. ఒక్కరూ ఆమె మొహంలోకి చూడలేదు.

మేస్త్రీ అందరికీ దండంపెట్టి, నవ్వుతూ వెళ్ళిపోయాడు.

కార్యదర్శి చీటీలకి రబ్బరుబ్యాండు చుడుతూ అన్నాడు: "మీ గదివాళ్ళ రెండో ఓట్లు దాదాపు అన్నీ మీ మరిదికే ఉన్నాయమ్మా. నువ్వు తప్పుకునుంటే అతను సులువుగా గెలిచేవాడు. ఈ అంకెల గొడవ మనకి అచ్చిరాలేదు. వచ్చేసారి ముద్రే పెడదాం. మనవాళ్ళలో ఒక్కరినే నిలబెడదాం."

ఆ ఒక్కరు ఎవరో అతను చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా.

"నేను తప్పుకుంటే గెలిచేవాళ్ళం. నిజమే," అంది వదిన. "యంత్రాల గదివాళ్ళు నాకు రెండు వేసినా గెలిచేవాళ్ళం. ఆ మాట ఎవరూ అనరేం?"

కార్యదర్శి చీటీల కట్టని సంచిలో పెట్టబోయాడు.

"ముద్ర పెడితే ఇది కనబడదు. అవ్వలాంటివాళ్ళకి ఏం చెయ్యాలో కూర్చుని ఆలోచిద్దాం. అంకెలు తీసెయ్యడానికి మాత్రం నేను ఒప్పుకోను. వచ్చేసారీ నిలబడతాను."

బయట ఇంకా ఎండ ఉంది. మరిది ఆమె వెనకాలే నడుస్తూ వచ్చాడు. సందు మలుపులో ఆమెను అందుకున్నాడు.

"వదినా, నేను వేసిన రెండు..."

"చెప్పకు," అంది ఆమె, ఆగకుండానే. "నీ చీటీ నీది."

అతను మలుపు దగ్గరే నిలబడిపోయాడు. ఆమె కాలిన చేతిని గుండెలకి ఆనించుకుని ముందుకు నడిచింది. అతని అడుగుల చప్పుడు వెనక ఎంతకీ వినిపించలేదు.